పొగలేని కుంపటి

ఈ సంగతి రాయడానికి ఇంత ఆలస్యం ఎందుకయిందని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అరవై దాటేదాకా నాకు అక్షరం రాదు. అదైనా ముందుగా వచ్చింది మరాఠీ అక్షరం, ఎందుకంటే మహారాష్ట్ర వైపు ఉన్న మా భోకర్‌లో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చెప్పిన చదువు మరాఠీలోనే ఉండేది. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో మాట్లాడుకున్న తెలుగుకు కూడా రాత ఉంటుందని, అది గవ్వలు పేర్చినట్టు గుండ్రంగా ఉంటుందని నాకు చూపించింది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన నా చిన్న కోడలు. మనవళ్ళు పారేసిన పలక మీద ఒక్కొక్క అక్షరాన్నీ, తిరగలి తిప్పినట్టు తిప్పి తిప్పి నేర్చుకున్నాను. చేయి కుదిరాక చుట్టాలకు ఉత్తరాలు రాశాను, కోడలికి పచ్చళ్ళ కొలతలు రాసి ఇచ్చాను, కానీ ఈ ఒక్క సంగతి జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే ఇందులో చెప్పవలసిన ముఖ్యమైన వస్తువుకు పేరేమిటో నాకు తెలియదు. పేరు తెలియనిదాన్ని నోటితో చెప్పబోయి ఒకసారి ఓడిపోయాను, మళ్ళీ రాతలో ఓడిపోవడం ఎందుకని ఊరుకున్నాను.

రెండు నెలల కింద ఒక చలి ఉదయం వాకిట్లో ఎండకు కూర్చుని నేను చేటలో కందులు ఏరుతుంటే, పక్కన మా మనవరాలు పరీక్ష కోసం సైన్సు పాఠం బట్టీ పడుతున్నది. కట్టె, బొగ్గు, కిరసనాయిలు మండినప్పుడు ఏమవుతుందనేది ఆ పాఠం. గాలి తగినంత దొరికితే బొగ్గు పూర్తిగా మండి ఒక రకం వాయువు అవుతుందట, గాలి చాలకపోతే సగమే మండి ఇంకొక రకం అవుతుందట, ఆ రెండోదాని పేరు కార్బన్ మోనాక్సైడ్ అట. దానికి రంగు లేదు, వాసన లేదు, అది మనిషి నెత్తురులో చేరి ప్రాణవాయువు చోటును ఆక్రమించుకుంటుంది, తలనొప్పి, వాంతి, మగత వస్తాయి, ఆ గదిలోనే ఉంటే ప్రాణం పోతుంది. నా చేతులు చేటలోనే ఆగిపోయాయి. మళ్ళీ చదవమన్నాను, ఇంకోసారి చదవమన్నాను, మూడోసారి ఆ పిల్లకు విసుగొచ్చి పరీక్ష నీకా నాకా నాయినమ్మా అని పుస్తకం నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది. నేను వేలు పెట్టుకుని నా అంతట నేను చదువుకున్నాను. మొత్తం అయిదు వరుసలు. పేరు తెలిసిందని సంతోషం కలగాలి గదా, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళ పిల్లల పుస్తకంలో అయిదు వరుసల్లో ఉన్న మాట కోసం నేను యాభై ఏళ్ళకు పైగా పొగ కోడలినని అనిపించుకున్నాను.

నా పుట్టినిల్లు కిన్వట్‌ను ఆనుకుని ఉన్న గోకుంద. మా బాపుకు వాన మీద ఆధారపడిన కొంచెం జొన్న చేను ఉండేది, పంట చాలని ఏడు అడవిలో కట్టె కొట్టేవాడు. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండో యుద్ధం నాడు పెట్రోలు దొరకక బస్సులకు బొగ్గు పెట్టి నడిపేవారు. బస్సు వెనక మనిషెత్తు ఇనుప డ్రమ్ము నిలబెట్టి, అందులో బొగ్గు పోసి నిప్పంటించి, క్లీనరు ఒక చక్రం తిప్పుతూ అరగంట ఊదితే గాని బండికి ప్రాణం వచ్చేది కాదు, ఎత్తు ఎక్కవలసి వస్తే జనమంతా దిగి పిల్లల్నీ మూటల్నీ మోసుకుంటూ పక్కన నడిచేవారు. ఆ బస్సుల కోసం బొగ్గు కావలసివచ్చింది, బొగ్గు కోసం మా అడవి కావలసివచ్చింది. ఒక గుత్తేదారు వచ్చి ఊరిలోని మగవాళ్ళందరినీ బొగ్గుబట్టీల పనిలో పెట్టాడు, బాపు కూడా పోయాడు, సద్ది పట్టుకుని నేనూ వెనకే పోయేదాన్ని.

బట్టీ పని చూడని వాళ్ళకు అది ఒట్టి కట్టె కాల్చడం అనిపిస్తుంది గాని, నిజానికి అది కట్టెను కాలనివ్వకుండా కాల్చే విద్య. దుంగలను గోపురంలా పేర్చి, పైన ఆకు కప్పి, ఆకు మీద తడిమట్టి మెత్తి, అడుగున అక్కడక్కడ వేలు పట్టేంత బొక్కలు వదిలేవారు. గాలి ఎక్కువ పోతే అంతా బూడిద, తక్కువ పోతే కట్టె కట్టెగానే మిగులుతుంది. పొద్దున లేవగానే బాపు చూసేది పొగ రంగునే. తెల్లగా దట్టంగా వస్తే ఇంకా తడి పోతున్నదని, పచ్చబారితే కట్టెలోని జిగురు కాలుతున్నదని, పలచబడి నీలంగా మారితే బొగ్గయిందని, ఇక బొక్కలు మూసెయ్యాలని. చల్లారాక తీసిన బొగ్గును రాయికి కొట్టి చూసేవాడు, గల్లుమంటే పక్కాది, దబ్బుమంటే లోపల ఇంకా కట్టె మిగిలిన కచ్చా బొగ్గు. కచ్చాది విరిస్తే గోధుమ రంగు కనిపిస్తుంది, నిప్పు మీద వేస్తే పొగ చిమ్ముతుంది. పదేళ్ళకే నేను చీకట్లో కూడా చేత్తో తడిమి ఏది పక్కా ఏది కచ్చా చెప్పగలిగేదాన్ని, ఇంట్లో అందరూ దానికి మురిసిపోయేవారు.

ఒకసారి బాపు తమ్ముడు, మా చిన్నబాపు, పూర్తిగా చల్లారని బట్టీలోకి తల పెట్టి పార తీసుకోబోయి అట్లాగే ముందుకు వాలిపోయాడు. పొగ లేదు, మంట లేదు. బాపు పరుగెత్తి ఆయన కాళ్ళు పట్టి ఈడ్చి, గాలి వీచే మిట్ట మీద పడుకోబెట్టి, ఎవరినీ చుట్టూ గుమిగూడనివ్వలేదు. చాలాసేపటికి కళ్ళు తెరిచి వాంతి చేసుకున్నాడు, కానీ ఆ తరువాత ఎప్పుడూ ఆయన మునుపటి మనిషి కాలేదు, ఎడ్ల పేర్లు కూడా మరిచిపోయేవాడు. ఆ రోజు బాపు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది.

"బిడ్డా, పొగ కండ్లకు కొడ్తాందంటె భయం లేదు. పొగ ఆగిపోయి నిప్పు ఎర్రగ నిలవడ్డంక భయపడాలె. అది సప్పుడు చెయ్యకుంట మనిషిని పండవెడ్తది."

అడవి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే నా మనసు ఊరుకోదు. మా ఊరి వెనక గుట్ట మీద చిరుమాను, మద్ది, తునికి ఎంత చిక్కగా ఉండేవంటే ఎండాకాలం మధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పొడలు పొడలుగానే పడేది. చిరుమాను బొగ్గు బరువుగా ఉండి ఎక్కువసేపు నిలుస్తుందని మొదట అవే పోయాయి, తరువాత మిగిలినవన్నీ పోయాయి. మూడు నాలుగేళ్ళలో గుట్ట గొరిగిన తలలా అయింది. శివరాత్రి దాకా పారే వాగు పుష్యమాసానికే చెలమలయింది. చలికాలం పొద్దున్నే బట్టీల పొగ పెన్‌గంగ నది వెంట పాత పంచె ఆరేసినట్టు పరుచుకుని పదిగంటల దాకా లేచేది కాదు, ముసలివాళ్ళు దగ్గీ దగ్గీ అలసిపోయేవారు. మొదటి వానకు గుట్ట మీది మట్టి దిగివచ్చి మా జొన్న చేనులో మోకాలి లోతు రాళ్ళు పోసింది. అడవిని కాల్చిన చేతులతోనే బాపు ఆ రాళ్ళు ఏరాడు. తప్పు ఎవరిదని అడగడానికి గుత్తేదారు అప్పటికి ఇంకో అడవికి పోయాడు.

గుట్ట మీద బట్టీలు ఇంకా కాలుతుండగానే నాకు పెళ్ళయి భోకర్ దగ్గరి అత్తగారి ఊరికి వచ్చాను. వచ్చింది కూడా బొగ్గు బస్సులోనే. చలికి తాళలేక వెనక బెంచీ వాళ్ళు కిటికీలకు దుప్పట్లు కట్టుకుంటే డ్రైవరు బండి ఆపి మరీ తీయించాడు. ఈ డ్రమ్ములో పుట్టే పొగ కంటికి కనబడదు, దాంతోనే ఇంజను తిరుగుతుంది, అదే లోపలికి దూరితే మీరు నిద్ర లేవరు అని హిందీలో గట్టిగా కేకలేశాడు. కొత్త పెళ్ళికూతురిని, తల వంచుకుని విన్నాను. బాపు చెప్పిందీ ఈయన చెప్పిందీ ఒక్కటే అని మనసులో అనుకున్నాను, అంతే.

మా ఆయనకు ఒక్క చెల్లెలు, ఆమెను హిమాయత్‌నగర్‌లో ఇచ్చారు. నా పెళ్ళయిన రెండో ఏడు ఆ ఆడబిడ్డ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా సరిహద్దు ఊళ్ళలో బాలింతకు మరాఠీ వాళ్ళ లాగానే కాపడం పెట్టే అలవాటు ఉంది, నులక మంచం కింద కుంపటి పెట్టి తల్లికీ బిడ్డకూ పూటపూటకూ వెచ్చదనం ఇస్తారు, పురుడు తీరేదాకా ఆ గదిలో నిప్పు ఆరకూడదు. అంతవరకు మా అత్తగారింట్లో కుంపటిలో పిడకలే వేసేవారు. పిడక పొగకు కళ్ళు బైర్లు కమ్మేవి, అందుకని బాలింతకు చలిగాలి తగలకూడదంటూనే తలుపు ఓరగా తీసి ఉంచక తప్పేది కాదు. మా అత్త ముగ్గురిని కన్నది ఆ పొగలోనే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పిడకలెందుకు, మా బాపు బట్టీలో పక్కా బొగ్గు ఉంటుంది, పొగ ఒక్క నూలుపోగంత కూడా రాదు, పసిబిడ్డ కళ్ళకు హాయిగా ఉంటుంది అని గొప్పగా చెప్పింది నేనే. పుట్టింటి నుంచి ఏమీ తేలేదనే మాట అప్పుడప్పుడు వినబడుతుండేది, దానికి ఇది జవాబు అనుకున్నాను. బాపు రెండు బస్తాల చిరుమాను బొగ్గు బస్సు మీద వేయించి పంపాడు. మా అత్త దాన్ని చుట్టుపక్కల వాళ్ళందరికీ చూపించింది. కోడలు తెచ్చిన బొగ్గు చూడండి, నిప్పు దానిమ్మ గింజలా ఉంటుంది, గదిలో బూజు కూడా నల్లబడదు అని చెప్పుకున్నది. పొగ లేదు గనక తలుపు తీసి ఉంచే అవసరమూ లేదు. పుష్యమాసపు చలి. తలుపు మూసి, గూడు కిటికీలో పాత బొంత కుక్కి, గడప కింది సందులో గోనెపట్టా దూర్చారు. ఆ గోనెపట్టా దూర్చింది నా చేతులే. బట్టీ మీద మట్టి మెత్తినట్టే మెత్తి పెట్టాను, అప్పుడు నాకు తోచలేదు.

ఆడపిల్ల పుట్టింది. మూడో నాటికి ఆడబిడ్డకు తలనొప్పి మొదలయింది. వావిలాకు నీళ్ళు పోయడానికి పెరట్లోకి తీసుకువస్తే తగ్గేది, గదిలోకి పోయి తలుపు వేస్తే మళ్ళీ వచ్చేది. గంజి తాగితే వెళ్ళగక్కేది. వెచ్చదనానికి బుగ్గలు ఎర్రబడితే మా అత్త దాన్ని బాలింత కళ అన్నది. పసిపిల్ల ఎప్పుడు చూసినా నిద్రే, పాలకు లేపినా చప్పరించి వదిలేసేది. ఎంత బుద్ధిమంతురాలు, ఏడుపన్నదే ఎరుగదు అని అత్త మురిసింది. అయిదో నాడు నేను గంజి గిన్నె చేతికిస్తే ఆడబిడ్డ పట్టుకోలేక వదిలేసింది.

"వదినె, తల పగుల్తాంది. గోడలు తిరుగుతున్నయి" అన్నది.

అప్పుడు నా కళ్ళ ముందు మా చిన్నబాపు కనిపించాడు. వంగి పసిపిల్ల చేయి ఎత్తి వదిలితే తడిగుడ్డలా పడింది. నేను లేచి తలుపు బార్లా తీశాను. అత్త పరుగున వచ్చి మూసింది. నేను నాకు తెలిసినంత చెప్పాను, బట్టీ సంగతి, చిన్నబాపు సంగతి, బస్సు డ్రైవరు సంగతి. చెబుతున్నకొద్దీ నా మాట నాకే పిచ్చిగా వినిపించింది, ఎందుకంటే కంటికి కనబడనిదీ ముక్కుకు తెలియనిదీ గదిలో ఉన్నదని చెప్పాలి, అదేమిటో చెప్పడానికి పేరు లేదు.

"మీ బాపు అడివిల ఆరుబయట పంటడు, పిల్లా. బాలింత గది బట్టి ఎట్లయితది" అన్నది అత్త. "ముగ్గురిని గీ గదిలనే కన్న. గీ కుంపటి మీదనే కాగిన. నాకేమన్న అయిందా?"

"అప్పుడు పిడకలు గద అత్తమ్మా. పొగకు తలుపు తీసే ఉండెనని మీరే అంటిరి."

"అవ్, పొగతోని సచ్చినం. నా బిడ్డకు గంత సుఖం అచ్చెవరకు నీకు కండ్లు మండుతున్నయా?"

 మా అత్త చెడ్డ మనిషి కాదు, బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, ఆ ప్రాణంతోనే గది లోపలే తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నది. బాలింతకు చలి తగిలితే సన్నిపాతం వస్తుందని, తన తోడికోడలు అట్లాగే పోయిందని, అది తను కళ్ళారా చూసిందని చెప్పింది. ఆమె చూసిన చావు ఆమెకు నిజం, నేను చూసిన, చావు అంచుదాకా పోయిన మనిషి నాకు నిజం. మా ఆయన పత్తి బళ్ళతో నాందేడ్ పోయాడు, నాలుగైదు రోజులకు గాని రాడు. వచ్చినా, తరువాత ఆయన నాతో అన్న మాటను బట్టి చూస్తే లాభం ఉండేది కాదు, తల్లి మాట వచ్చేసరికి, అవ్వకు నేను చెప్పలేనే అన్నాడు. తల్లికీ బిడ్డకూ ఏదో సోకిందని, తాయెత్తు కట్టే ముసలాయనను రేపు పిలిపిస్తానని అత్త అన్నది. రేపటిదాకా ఆ పిల్ల ఉంటుందని నాకు నమ్మకం లేదు.

కుంపటిలో నిప్పు తగ్గింది, బొగ్గు వేసుకురమ్మని అత్తే నాకు అందించింది. పెరట్లో బస్తా దగ్గర కూర్చుని, చేత్తో తడుముతుంటే అడుగున ఒక కచ్చా ముక్క తగిలింది. బాపు ఎంత ఏరి పంపినా ఎక్కడో నాలుగు ముక్కలు మిగులుతాయి. దాన్ని పారేయబోయి ఆగాను. మాటతో తెరుచుకోని తలుపు పొగతో తెరుచుకుంటుంది గదా అనిపించింది. బస్తా బోర్లించి, దబ్బుమనే ముక్కలన్నీ ఏరి, బెరడు కూడా ఊడని తుండ్లు ఏరి కుంపటి అడుగున పేర్చాను, పైన మాత్రం ఎర్రగా కాలిన పక్కా బొగ్గు కణికలు నాలుగు కప్పాను. పట్టుకుపోయి మంచం కింద పెట్టి, మర్యాదగా తలుపు మూసి వచ్చి గిన్నెలు తోముతూ కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడుగు ఎదురుచూపు మళ్ళీ లేదు. ఒక గిన్నె తోమాను, రెండోది తోమాను. ముందు ఆడబిడ్డ దగ్గింది, తరువాత అత్త దగ్గింది, ఆ తరువాత పీట పడిన చప్పుడు, తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు, కళ్ళ నీళ్ళతో అత్త కూతుర్ని పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నేను లోపలికి దూకి పసిదాన్ని ఎత్తుకువచ్చి ఎండలో, గాలిలో నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. తరువాత మూతి వంకర చేసి, పిల్లికూన లాగా సన్నగా, ఇంకాస్త గట్టిగా, ఆ తరువాత ఊరంతా వినబడేటట్టు ఏడ్చింది.

నా వీపు మీద అత్త చేయి పడింది, పడాల్సిందే. పసిదాని కళ్ళు ఎర్రగా ఉబ్బి, రెప్పలు అంటుకున్నాయి. "బొగ్గుబట్టి కాడ పుట్టినదానివి, బొగ్గు ఏరరాదా నీకు" అని ఆమె అడిగితే, వచ్చునని ఎట్లా చెప్పను. పొగ పోయేదాకా గది తలుపూ కిటికీ తీసే ఉన్నాయి, ఆ పూటంతా తల్లీబిడ్డా వాకిట్లోనే పడుకున్నారు. తాయెత్తు ముసలాయన మరునాడు రావలసినవాడు అటువైపు పని ఉండి ఆ మధ్యాహ్నమే వచ్చి ఇద్దరికీ దారం కట్టాడు. సాయంత్రానికి ఆడబిడ్డ గిన్నెడు గంజి తాగి నిలుపుకున్నది, పిల్ల పాలు పట్టింది. ఊరంతా తాయెత్తు మహిమ అన్నది. ఆయనకు ఒక కోడి ఇచ్చారు. నాకు పొగ కోడలని పేరిచ్చారు.

ఆ పేరు నాతో చాలా దూరం వచ్చింది. ఆ పసిపిల్లకు పన్నెండేళ్ళు వచ్చేసరికి చూపు మందగించి అద్దాలు పెట్టారు, అప్పటి నుంచి ఆడబిడ్డ ఏ పెళ్ళిలో కలిసినా నన్ను చూసి, తరువాత కూతురి అద్దాల వైపు చూసేది. నోటితో అనేది కాదు, అంటే నేను జవాబు చెప్పేదాన్ని. పొగ మంచిదని నేను అనను. మనవరాలి పుస్తకంలో పొగ కూడా కళ్ళకూ ఊపిరితిత్తులకూ చేటేనని రాశారు, నేను పెట్టిన పొగలోనూ ఆ విషం ఉండే ఉంటుంది, కాకపోతే పొగ తన రాకను చెప్పి వస్తుంది, తలుపు తెరిపిస్తుంది. నేను ఎంచుకున్నది రెండు చెడుల్లో కనబడే చెడును.

పోయిన నెల ఆడబిడ్డ కూతురితో కలిసి మా ఇంటికి వచ్చింది. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, ఇక దాచుకోవడమెందుకని పుస్తకం తెచ్చి ఆ అయిదు వరుసలు చదివి వినిపించాను, కచ్చా బొగ్గు నేను కావాలనే ఏరానని కూడా మొదటిసారి నోరు తెరిచి చెప్పాను. ఆమె నోట్లో తమలపాకు నములుతూ అంతా విన్నది. మరాఠీ బడిలో పంతులమ్మ పని చేసి దిగిపోయిన ఆ కూతురు, అద్దాలు తీసి తుడుచుకుంటూ, పొగతో దూరపు చూపు పోదు అమ్మా, అది పుట్టుకతో వచ్చేది అని చెప్పబోయింది. తల్లి ఆమెను ఊరుకొమ్మన్నది.

"నీ పుస్తకం సల్లగుండ, వదినె. పుస్తకంల ఉన్నదంటె మరి మా అవ్వ పిచ్చిదా? తాయెత్తు కట్టినాయన పిచ్చోడా?" అన్నది.

అంతే. యాభై ఏళ్ళు దాచి, అక్షరం నేర్చి, పేరు కనుక్కుని, చివరికి నాకు దొరికింది ఆ జవాబు. ఆ కూతురు మాత్రం పోయేటప్పుడు నా చేయి పట్టుకుని కాసేపు వదలలేదు, దానికి నేను అర్థాలు రాయను.

ఇప్పుడు కాన్పులు దవాఖానాల్లో అవుతున్నాయి. మా వంటింట్లో గ్యాసు పొయ్యి నీలంగా, చప్పుడు లేకుండా మండుతుంది, కోడలు గిన్నె అడుగు నల్లబడితే పొయ్యి శుభ్రం చేయాలని తెలుసుకుని చేస్తుంది. కుంపటి అటక మీద ఉంది. గోకుంద గుట్ట మీద సర్కారు టేకు నాటింది, బళ్ళు వరుసగా నిలబెట్టినట్టు నాటింది, చిరుమాను మాత్రం మళ్ళీ రాలేదు, వాగు కూడా రాలేదు. అయినా ప్రతి చలికాలం టీవీలో ఒక వార్త ఉంటుంది, ఎక్కడో మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుకుని పడుకుని ఇంటిల్లిపాదీ లేవలేదని. వింటే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. మనవరాలి పాఠంలో ఇంకా ముందు ఒక పుట ఉంది, మనం మండించిన దానినుంచి వచ్చే కంటికి కనబడని ఇంకో పొగ భూమి అంతటా నిండి వేడి పెంచుతున్నదని అందులో రాశారు. అది నిజమా నాయినమ్మా అని ఆ పిల్ల అడిగితే నిజమే ఉంటుంది బిడ్డా అన్నాను. కనబడని పొగ ఉన్నదని చెప్పేవాళ్ళను ఇంట్లో వాళ్ళు ఎట్లా చూస్తారో నాకు తెలుసు. వాళ్ళకు తలుపు తీసే ఉపాయం దొరకాలని మాత్రం అనుకుంటున్నాను. మా కాలంలో కళ్ళు మండితేనే తలుపు తీసేవాళ్ళం. ఇప్పుడు పుస్తకాలున్నాయి, చదివేవాళ్ళున్నారు, తలుపుల దగ్గర పీటలు కూడా ఉన్నాయి.

ఎవరికీ చెప్పనిది ఇంకొకటి మిగిలింది, అది చెప్పి ముగిస్తాను. పొగ పెట్టిన ఆ సాయంత్రం మా అత్త దీపం పెట్టేవేళకు బస్తా ముందు కూర్చుని తానే ఒక్కొక్క బొగ్గూ రాయికి కొట్టి చూసి, గల్లుమన్నవి మాత్రం బుట్టలో వేసి గది గడప పక్కన పెట్టింది. పురుడు తీరడానికి ఇంకా చాలా రోజులున్నాయి. గదిలోని పొగ పోయింది, కిటికీలోకి బొంత మళ్ళీ వచ్చింది, గడప కిందికి గోనెపట్టా వచ్చింది, పొద్దున్నే కుంపటి మళ్ళీ పెట్టమన్నది.

"రేపు కుంపట్ల పొగ లేసిందంటె నీ బండి గోకుంద దిక్కు మళ్తది" అన్నది అత్త. ఉత్తమాట కాదని నాకు తెలుసు. బాపు ముఖం తలుచుకున్నాను, మా ఆయన నాందేడ్ నుంచి వచ్చి నేను లేని ఇల్లు చూడడం తలుచుకున్నాను.

మరునాడు పొద్దున్నే, అత్త పెరట్లో నీళ్ళు కాస్తుండగా, ఆమె ఏరి పెట్టిన బుట్టను తిరిగి బస్తాలో ఒంపేశాను. ఆమె పక్కకు పారేసిన కుప్పలో నుంచి బెరడు ఊడని ముక్కలు ఏరి కుంపటి నింపి, పైన నాలుగు ఎర్రటి కణికలు కప్పి, మంచం కింద పెట్టాను. తలుపు నా చేతులతోనే మూశాను. మూసి, గడప మీద కూర్చుని, లోపల ఎవరు ముందు దగ్గుతారా అని వింటూ ఉన్నాను.